రేగడి నేలకు పాత బొలెరో డీఐ: కొనొచ్చా?

కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు ఎర్రనేల ఊళ్లవాళ్లకు ఇంత ఆలోచన అక్కర్లేదు. వాన వెలిసిన కాసేపటికే బాట గట్టిపడుతుంది, పాత ఆల్టో అయినా పోతుంది. చిక్కంతా ఆలూరు, ఆదోని, ఉరవకొండ, విడపనకల్లు, జమ్మలమడుగు చుట్టుపక్కల రేగడి చేలతోనే. శనగ విత్తే అక్టోబరులో ఒక గట్టి వాన పడిందంటే, తారు రోడ్డు దిగిన బండి మళ్లీ ఎక్కుతుందో లేదో చెప్పలేం. ఆ నేలకు సెకండ్‌హ్యాండ్‌లో దొరికే బొలెరో డీఐ, అంటే 2523 సీసీ, సాదా డీజిల్ పంపు బండి, బాగానే పనికొస్తుంది. కాకపోతే ఇంజను చూసి కాదు, ఛాసిస్, టైర్లు చూసి కొనాలి.

రేగడి నీళ్లు తాగి ఉబ్బుతుంది, జిగురవుతుంది. టైరు నాలుగు చుట్లు తిరిగేసరికి దాని గాళ్లన్నీ పూడిపోయి నున్నటి రోలరైపోతుంది. ఇక కొత్త టైరయినా, అరిగిన టైరయినా ఒకటే జారుడు. మంచు పడే దేశాల్లోనూ బండ్లు ఇలాగే జారుతాయి గానీ, అక్కడి మంచు కరిగి పోతుంది. ఇక్కడి మట్టి మడ్‌గార్డు లోపల ఎండి రాయవుతుంది. అక్కడివాళ్లు వెనక చక్రాలతో నడిచే పికప్పుల్లో ఇసుక బస్తాలు వేసుకుంటారు. ఆ పని మనమూ చేయొచ్చు. బొలెరోకూ లాగేవి వెనక చక్రాలే, ఇంజను బరువేమో ముందు. ఖాళీ బండి వెనక తేలిపోతుంది. 50 కిలోల బస్తాలు రెండు, సరిగ్గా వెనక యాక్సిల్ మీదికి వచ్చేలా పెట్టి కదలకుండా కట్టండి. వెనక డోరు దాకా జరిపితే ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగు మాట వినదు.

డీఐ ఇంజనులో మెచ్చుకోవాల్సింది కింది లాగుడు. 1500 ఆర్‌పీఎం దగ్గరే బలం అంతా వచ్చేస్తుంది, కాబట్టి యాక్సిలరేటరు మీద కాలు ఆనించి ఆనించనట్టు ఉంచినా రెండో గేరులో పాకుతుంది. తర్వాత వచ్చిన కామన్ రెయిల్ (కంప్యూటరు చెప్పినట్టు డీజిల్ చిమ్మే) బండి ఇంకా నెమ్మదస్తురాలే, కానీ దాని ఇంజెక్టర్లకు నీళ్లు కలిసిన డీజిల్ పడదు. డ్రమ్ముల్లో డీజిల్ నింపుకునే పల్లెకు సాదా పంపే మేలు. పైగా ఏ చిన్న ఊళ్లోనైనా దీన్ని విప్పగలిగిన మెకానిక్ దొరుకుతాడు.

చూడ్డానికి పోయినప్పుడు బండి కిందికి దూరండి. వెనక స్ప్రింగు కట్టలను ఛాసిస్‌కు పట్టే షాకిల్ తగిలించిన చోట, క్రాస్ మెంబర్ల (ఛాసిస్ అడ్డకమ్మీల) మూలల్లో ఎండిన రేగడి ఉంటే గీకేసి, స్క్రూడ్రైవరు పిడితో కొట్టి చూడండి. గట్టి ఇనుమైతే ఖంగుమంటుంది. బద్దగా పలికితే లోపల తుప్పు తినేసినట్టు. అడుగంతా తళతళలాడే కొత్త నల్ల పెయింటు కనిపిస్తే ఇంకా గట్టిగా కొట్టండి, ఆ మెరుపు ఊరికే రాదు. తర్వాత ఇంజను ఆన్‌లో ఉండగా ఆయిల్ మూత తీయండి. పొగ గుప్పుగుప్పుమని ఎగదన్నితే బ్యాక్ కంప్రెషన్, అంటే ఇంజను పని దగ్గర్లోనే ఉంది. హ్యాండ్‌బ్రేక్ లాగి, మూడో గేరు వేసి, క్లచ్ మెల్లగా వదిలితే ఇంజను వెంటనే ఆగిపోవాలి. ఆగకుండా గుంయ్ మంటుంటే క్లచ్ ప్లేటు అయిపోయింది. బురదలో దిగబడి చక్రాలు తిప్పిన బండికి ఇదే పెద్ద జబ్బు. వెనక హౌసింగు (వెనక చక్రాల మధ్య గేర్లుండే గుండు) ఆయిల్ బిరడా వదులు చేసి వేలు పెట్టి చూడండి. ఆయిల్ తెల్లగా ఉంటే వంకలు దాటేటప్పుడు నీళ్లు పోయాయన్నమాట. పదిహేనేళ్లు దాటిన సొంత బండికి ఆర్సీ రెన్యువల్ ఐదేళ్లకోసారి చేయించాలి, అది అయిందో లేదో చూశాకే బేరం మొదలుపెట్టండి.

టైరు సైజు 215/75 ఆర్15 ఉంటుంది. అదే సైజులో గాళ్లు వెడల్పుగా ఉండే ఆల్ టెర్రైన్ రకం వెనక రెండిటికైనా వేయించండి. దర్జాకని వెడల్పు టైర్లు వేస్తే మడ్‌గార్డుతో సందు తగ్గి మట్టి కుక్కుకుంటుంది. మట్టి బాటలోకి దిగేముందు గాలి 20-22 పీఎస్ఐకి దించండి, తారు ఎక్కగానే మళ్లీ పట్టించండి. ఆ గాలితో హైవే మీద పోతే టైరు వేడెక్కి పగులుతుంది.

బురదలో రెండో గేరులో ఎత్తి, మధ్యలో గేరు మార్చకుండా, ఆగకుండా పోవాలి. పాత గాడి లోతు తక్కువైతే దాన్నే పట్టుకోండి. ట్రాక్టరు గాడి లోతైతే మాత్రం ఒక చక్రం మధ్య గట్టు మీద, ఒకటి అంచున పెట్టి పోవాలి, లేకపోతే హౌసింగు గట్టుకు తట్టి బండి తేలుతుంది. ఒక వెనక చక్రం ఊరికే తిరుగుతుంటే హ్యాండ్‌బ్రేక్ రెండు మూడు పళ్లు లాగి మెల్లగా ఎత్తండి. తిరిగే చక్రం బిగిసి, లాగుడు రెండోదానికి కాస్తయినా అందుతుంది. అప్పటికీ రాకపోతే రేజ్ చేయకండి, గుంత లోతవుతుంది తప్ప బండి రాదు. దిగి చక్రాల ముందు మట్టి పారతో తీసి కందికట్టె పరవండి.

ఇంటికొచ్చిన రోజే కడగాలి. మడ్‌గార్డుల లోపల, రేడియేటరు రెక్కల్లో, వెనక డ్రమ్ముల చుట్టూ నీళ్లు కొట్టి, క్రాసు బేరింగులకూ (వెనక్కి పోయే షాఫ్టు కీళ్లకూ) స్ప్రింగు పిన్నులకూ గ్రీజు పట్టించండి. రేడియేటరు మట్టితో మూసుకుంటే ఏప్రిల్ ఎండలో ఇంజను ఉడుకుతుంది.

కర్నూలు, అనంతపురం మధ్య రోజూ హైవే మీద తిరగడానికైతే ఇది వద్దు. 80 దాటితే ఊగుతుంది, ఖాళీగా ఉంటే వెనక ఎగిరెగిరి పడుతుంది. ఏడాదంతా చేలోనే పనుంటే, పెట్రోలు ఖర్చు భరించగలిగితే, పాత మారుతి జిప్సీ ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలూ లాగేది) దీనికంటే రెండాకులు ఎక్కువే చదివింది.