బడ్జెట్ గడువు దాటితే ఏది మేలు: నిధులు ఆపడమా, పాత పద్దునే సాగించడమా, సభ్యుల జీతం ఆపడమా?

అమెరికాలో చాలా రాష్ట్రాలకు ఆర్థిక సంవత్సరం జులై 1న మొదలవుతుంది. 2025లో ఆ రోజుకు పెన్సిల్వేనియాలో బడ్జెట్ లేదు, నార్త్ కరోలినాలోనూ లేదు. జనం పడ్డ ఇబ్బంది మాత్రం రెండుచోట్లా ఒకటి కాదు. గడువు దాటితే ఏం జరగాలన్నది ఏ రాష్ట్రానికా రాష్ట్రం వేరువేరుగా రాసుకుంది మరి.

పెన్సిల్వేనియాలో బడ్జెట్ లేకపోతే చాలా నిధులు ఖజానా గడప దాటవు. రాష్ట్ర ఉద్యోగుల జీతాలు అందాయి గానీ బడులకు, కౌంటీలకు (మన జిల్లాల్లాంటివి), సేవా సంస్థలకు వెళ్ళాల్సిన డబ్బు నాలుగు నెలలకు పైగా నిలిచిపోయింది. స్కూల్ డిస్ట్రిక్టులు అప్పు తెచ్చి తరగతులు నడిపాయి. వెస్ట్‌మోర్‌లాండ్ కౌంటీ కొందరు ఉద్యోగులను జీతం లేకుండా ఇంటికి పంపింది. చివరికి నవంబర్ 12న గవర్నర్ జాష్ షపీరో 5,010 కోట్ల డాలర్ల బడ్జెట్‌పై సంతకం చేశారు. అప్పటిదాకా అయిన వడ్డీ పిల్లల చదువుకు పోవాల్సిన డబ్బే కదా.

నొప్పి పుడితేనే నాయకులు రాజీకొస్తారని ఈ పద్ధతిని వెనకేసుకొచ్చేవాళ్ళు అంటారు. ఇలినాయ్ చూశాక ఆ మాట నమ్మలేం. 2015 జులై నుంచి రెండేళ్ళు అక్కడ పూర్తి బడ్జెట్ లేదు. 2017 జులైలో గవర్నర్ వీటోను తోసిపుచ్చి సభ బడ్జెట్ ఆమోదించేనాటికి కట్టని బిల్లులు దాదాపు 1,500 కోట్ల డాలర్లకు చేరాయి. నొప్పి పుట్టింది నిజమే, కానీ అది సభలో ఓటు వేయాల్సినవాళ్ళకు తగల్లేదు.

నార్త్ కరోలినాలో ఇందుకు పూర్తిగా విరుద్ధం. కొత్త బడ్జెట్ రాకపోతే పాత ఏడాది కేటాయింపులే ఆటోమేటిక్‌గా కొనసాగేలా 2016లో చట్టం చేసుకున్నారు. బడులు మూతపడవు, జీతాలు ఆగవు. వినడానికి హాయిగానే ఉంటుంది. అయితే తొందర లేని చోట పని ఎలా సాగుతుందో మనకు తెలియంది కాదు. 2019లో మెడికెయిడ్ (పేదలకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) విస్తరణ దగ్గర గవర్నర్‌కూ సభకూ పొసగక, 2021 నవంబర్ దాకా అక్కడ సమగ్ర బడ్జెట్ రాలేదు. 2025లో ఉభయసభల్లో ఉన్నది ఒకే పార్టీ మెజారిటీ. అయినా ఆదాయపు పన్ను ఎంత వేగంగా తగ్గించాలన్న దగ్గర రెండు సభలకూ పేచీ వచ్చి, చిన్నచిన్న బిల్లులతోనే ఏడాది గడిచిపోయింది. కొత్తగా చేరే టీచరుకు రాష్ట్రం ఇచ్చే మూల వేతనం ఏడాదికి 41,000 డాలర్ల దగ్గరే ఉండిపోయింది. ఇంటి అద్దె మాత్రం పాత రేటు దగ్గర ఆగదు. బడి తెరిచే ఉంది కాబట్టి ఈ నష్టం ఎవరి కంటా పడదు, అందుకే నాకు ఇది మరీ ఆందోళనగా ఉంది.

మూడోది కాలిఫోర్నియా దారి. 2009 జులైలో అక్కడ చేతిలో నగదు లేక, పన్ను రీఫండ్ రావాల్సినవాళ్ళకు కూడా 3.75 శాతం వడ్డీతో తర్వాత చెల్లిస్తామని చీటీలు పంపారు. కొద్ది రోజులకే పెద్ద బ్యాంకులు వాటిని తీసుకోవడం మానేశాయి. 2010 బడ్జెట్ అక్టోబర్ 8న గానీ రాలేదు. విసిగిన ఓటర్లు ఆ నవంబర్‌లోనే, జనమే నేరుగా ఓటేసి తేల్చే ప్రతిపాదన ప్రపొజిషన్ 25ను గెలిపించారు. దాంతో బడ్జెట్ పాస్ కావడానికి మూడింట రెండొంతుల మద్దతు బదులు సాధారణ మెజారిటీ చాలు. బడ్జెట్ పాస్ చేయకుండా జూన్ 15 దాటితే రోజురోజుకూ సభ్యుల జీతం పోతుంది, ఆ డబ్బు మళ్ళీ రాదు. అప్పటినుంచి బడ్జెట్ సమయానికే వస్తోంది. గడువుకు ఏదో ఒకటి ఆమోదించేసి అసలు సంగతులు తర్వాతి బిల్లుల్లో తేల్చుకుంటున్నారన్న విమర్శ ఉంది, అది న్యాయమైనదే.

జీతం ఆపడం ఒక్కటే చాలదు. న్యూయార్క్‌లో ఆర్థిక సంవత్సరం మొదలయ్యే ఏప్రిల్ 1 దాటితే సభ్యుల జీతం నిలిపేస్తారు, బడ్జెట్ పాసయ్యాక ఇచ్చేస్తారు. 2025లో అక్కడ బడ్జెట్ పూర్తయ్యేసరికి మే నెల వచ్చింది.

మన దేశంలో ఉన్న ఓట్ ఆన్ అకౌంట్ వీటన్నిటికీ మధ్యస్థంగా ఉంటుంది: ఇన్ని నెలలకు ఇంత అని సభ ముందే గడువు కట్టి ఇస్తుంది. దాన్నీ సాగదీయొచ్చు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో ఎన్నికల ముందు తీసుకున్నది జులైతో ముగిసిపోతే, కొత్త ప్రభుత్వం ఆర్డినెన్స్‌తో మరో నాలుగు నెలలు నడిపి, నవంబర్ 11న పూర్తి బడ్జెట్ పెట్టింది. ఇక్కడ ద్రవ్య బిల్లు ఓడితే ప్రభుత్వమే పడిపోతుంది. అమెరికాలో గవర్నర్‌ను, సభలను వేరువేరుగా ఎన్నుకుంటారు, బడ్జెట్ ఆగినా ఎవరి పదవీ కదలదు.

అందుకే నా ఓటు కలగలుపు పద్ధతికి. పాత కేటాయింపులు సాగాలి, కానీ మూడు నెలలకు మించకూడదు. మొదటి రోజు నుంచే సభ్యుల జీతం తిరిగి రాకుండా పోవాలి. పిల్లలకూ రోగులకూ వెళ్ళే డబ్బును బేరానికి పెట్టనివ్వకూడదు. నార్త్ కరోలినాలోని క్యారీ, మోరిస్‌విల్ చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. అక్కడ ఓటున్నవాళ్ళు తమ ప్రతినిధి ఆఫీసుకూ, సెనేటర్ ఆఫీసుకూ ఫోన్ చేయండి. ఓటు లేకపోయినా పిల్లల్ని బడికి పంపుతున్న తల్లిదండ్రులుగా చేయొచ్చు. పన్ను పేచీని విడి బిల్లుగా తేల్చుకుని ముందు బడ్జెట్ పాస్ చేయమనండి. ఏ తేదీకి ఓటింగ్ పెడతారో అడిగి రాసుకోండి.