ఎంవీపీ కాలనీ రైతుబజారు నుంచి ఏటికొప్పాక దాకా

విశాఖ వెళ్లినవాళ్లు ఆర్కే బీచ్, సబ్‌మెరైన్, కైలాసగిరి చూసి, వీలైతే అరకు రైలెక్కుతారు. అక్కా నేనూ ఈసారి బొమ్మల కోసమే వెళ్లాం. కర్రతో చేసి సహజ రంగుల లక్క పూసే ఏటికొప్పాక బొమ్మలు చూడాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: ముందు రైతుబజారుకు వెళ్లండి, ఊరికి ఆ తర్వాత వెళ్లండి.

బస ఎంవీపీ కాలనీలోనే తీసుకున్నాం. ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టుపక్కల లాడ్జీలు చవకే గానీ రాత్రంతా హారన్ల మోత. ఇక్కడ అద్దె కాస్త ఎక్కువైనా ప్రశాంతంగా ఉంటుంది, బీచ్ దగ్గర, రైతుబజారుకు నడిచి వెళ్లొచ్చు. ఆటోవాళ్లతో బేరం తెగకపోతే యాప్‌లో బుక్ చేసుకోవడమే మేలు.

రైతుబజార్లు 1999 జనవరి 26న మొదలయ్యాయి. దళారి లేకుండా రైతే తన పంట అమ్ముకోవాలన్నది ఉద్దేశం. ఎంవీపీ కాలనీ బజారు సంక్రాంతి ముందు వారంలో చూడాలి. చిక్కుళ్లు, కంద, చిలగడదుంపలు, మట్టి వదలని పచ్చి పసుపు కొమ్ములు. ఏజెన్సీ నుంచి వచ్చిన అల్లం, రాజ్మా, అడ్డాకుల కట్టలు. గేటు బయట ముగ్గుల రంగులు గుట్టలు గుట్టలుగా పోసి అమ్ముతున్నారు. ఆరున్నరకల్లా వెళ్లండి. ఎనిమిది దాటితే కాలు పెట్టే సందు ఉండదు, బండి నిలపడానికి అసలే చోటుండదు.

అక్కడే ఇద్దరు కుర్రాళ్లు స్కెచ్‌బుక్కులు పట్టుకుని కనిపించారు. ఆంధ్రా యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ చదువుతున్నారట. ఒకతను ఆకుకూరలమ్మే ముసలమ్మను బొగ్గుతో గీస్తున్నాడు. ఆవిడ తోటకూర కట్టలు సర్దుతూనే తొంగిచూసి, ‘నా ముక్కుపుడక ఎయ్యలేదేటి నాయనా?’ అంది. ‘ఏత్తాను మామ్మా, కదలకు’ అన్నాడు. ముందు వేలితో బుగ్గ మీది నీడ కాస్త చెరిపి, బొగ్గు మొనతో రెండు చుక్కలు పెట్టాడు. ఆవిడ ముఖం అప్పుడు విప్పారింది. 2023 మార్చిలో జీ20 సమావేశాలప్పుడు నగరంలో చాలా గోడలకు బొమ్మలు వేశారు. అవీ బాగున్నాయి గానీ, ఈ ముసలమ్మ బొమ్మే నాకు ఎక్కువ నచ్చింది. ఇలాంటి పిల్లల బొమ్మలకు రైతుబజారులోనే ఓ గోడ ఇస్తే ఎంత బాగుంటుందో!

పూర్ణా మార్కెట్‌కూ వెళ్లాం. పాత ఊరి సందడి, హోల్‌సేల్ ధరలు. కొనుక్కోవడానికి మంచిదే గానీ నిలబడి చూడనివ్వదు. బీచ్ రోడ్డులో ఒక దుకాణంలో మాత్రం మనసు చివుక్కుమంది. ఎనామిల్ పెయింటు వాసన ముక్కుకు కొడుతున్న బొమ్మల్ని ఏటికొప్పాకవని అమ్ముతున్నారు. నగరంలోనే కొనాలంటే ప్రభుత్వ లేపాక్షి షోరూం నయం.

ఏటికొప్పాక విశాఖకు 60 కిలోమీటర్ల పైచిలుకు, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది. ఎలమంచిలి దాకా రైలు, బస్సు రెండూ ఉన్నాయి. అక్కణ్ణుంచి ఆటో. వరాహ నది ఒడ్డున చిన్న ఊరు. భోజనం ఎలమంచిలిలోనే ముగించుకుని వెళ్లండి.

మేం చూసిన కార్ఖానాలో ఒకాయన అంకుడు కర్ర ముక్కను లేతుకు, అంటే కర్రను గిర్రున తిప్పే యంత్రానికి బిగించి, ఉలితో రెండు నిమిషాల్లో చిన్న కుండ తీశాడు. తిరుగుతున్న కర్రకు పసుపురంగు లక్క కడ్డీ ఆనించాడు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రంతా పాకింది. పైన మొగలి ఆకుతో రుద్దేసరికి అద్దంలా మెరిసింది. ‘ఈ పసుపు ఎక్కడిదండీ?’ అని అడిగింది అక్క. ‘మీరు కూరలో ఏసుకునేదేనమ్మా’ అన్నాడు. నారింజ రంగుకు జాఫ్రా గింజలు, నీలానికి నీలిమందు, ఆ నీలంలో పసుపు కలిపితే ఆకుపచ్చ. పొద్దున్న బజారులో పచ్చి పసుపు కొమ్ము విరిచి చూసిన మాకు ఆ మాట వెంటనే అందింది.

రసాయన రంగులు వచ్చిపడ్డాక, సహజ రంగుల పద్ధతిని పట్టుబట్టి నిలబెట్టినవారిలో ఈ ఊరి సి.వి. రాజు గారు ముఖ్యులు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2025 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటం కూడా ఏటికొప్పాక బొమ్మలదే. ఇంత పేరొచ్చినా అంకుడు కర్ర దొరకడం ఏటికేడాది కష్టమవుతోందని కార్ఖానా ఆయన దిగులుగా చెప్పాడు. అడవిలో కొట్టిన చోటల్లా మళ్లీ నాటితే తప్ప ఈ పని సాగదు.

మేం కొన్నది లక్కపిడతల సెట్టు, బొంగరాలు. చిన్నపిల్లలున్న ఇంటికైతే సహజ రంగులవే అడిగి తీసుకోండి, నోట్లో పెట్టుకుంటారు కదా. సెట్టులో గిన్నెల మూతలన్నీ సరిగ్గా కూర్చున్నాయో లేదో అక్కడే తిప్పి చూసుకోండి. పండగ మూడు రోజులూ లేతులు ఆగిపోతాయట, ఆ రోజులు తప్పించి వెళ్లండి.