పాకం థర్మామీటర్: చాలాకాలం వాడాక

కొత్తగా కొన్నప్పుడు ఈ థర్మామీటర్ గురించి నాలుగు ముక్కలు రాశాను. అప్పుడు పొగిడిందంతా అలారాన్నే. కావలసిన డిగ్రీ పెట్టుకుంటే పాకం అక్కడికి రాగానే మోగుతుంది, ఇంతకన్నా ఏం కావాలి అన్నాను. అలారం సంగతి ఈసారి తర్వాత చెబుతాను. చాలాకాలం వాడాక ఈ వస్తువులో నాకు బాగా నచ్చింది, అప్పట్లో నేను అసలు పట్టించుకోనిది. దీని ప్రోబ్ ఊడొస్తుంది. పాకంలో మునిగే స్టీలు పుల్ల, దాని వెనక వైరు, చివర చిన్న పిన్ను, అన్నీ కలిసి ఒక ముక్క. అంకెలు చూపే డబ్బా వేరే ముక్క. ప్రోబ్ పాడైతే అదొక్కటే మార్చుకోవచ్చు.

తెర ఎంత పెద్దది, బ్యాటరీ ఏ సైజు లాంటివన్నీ అట్టపెట్టె మీదే ఉంటాయి, వాటి జోలికి పోను. ఇంట్లో మిఠాయి చేసేవాళ్లకి థర్మామీటర్‌తో ఏం పని అనే ప్రశ్నకి మాత్రం జవాబు చెప్పాలి. చక్కెర నీళ్లు కాగుతున్నప్పుడు వేడి పెరిగిందంటే నీరు తగ్గిందనే అర్థం. 112 నుంచి 116 డిగ్రీల మధ్య ఒక చుక్క తీసి చల్లటి నీళ్లలో వేస్తే మెత్తటి ఉండ కడుతుంది. ఆ దశలో నూటికి 85 పాళ్లు చక్కెరే. 146 దాటాక వేసిన చుక్క పెళుసెక్కి టప్పున విరుగుతుంది. అప్పటికి లోపల మిగిలే నీరు నూటికి ఒక పాలు. నీరు బాగా ఉన్నంతసేపు అంకె కదులుతున్నట్టే ఉండదు. నీరు తగ్గాక పరుగందుకుంటుంది. గరిటె పక్కన పెట్టి పళ్లెం అందుకునేలోపు ఒక దశ దాటిపోతుంది. చేయి తిరిగినవాళ్లకి బుడగల సైజు చూస్తేనే తెలిసిపోతుంది. నాకు అంత అలవాటు కాలేదు, అందుకే కొన్నాను.

చాలాకాలం బాగా పనిచేసింది. తర్వాత ఒక సాయంత్రం మొరాయించింది.

ఆ రోజు చేస్తున్నది పాలు, చక్కెర, వెన్నతో ముక్కలుగా కోసే మిఠాయి. 115 దగ్గర దించాలి, గోరువెచ్చన అయ్యేదాకా కదపకుండా ఉంచాలి, ఆ తర్వాత చిలకాలి. మర్నాడు పొద్దున మా అక్క, పిల్లలు వస్తున్నారు. అలారం 115కి పెట్టాను, మోగింది, దించాను. చల్లార్చి ఎంత చిలికినా మిలమిల పోలేదు. మిఠాయి గట్టిపడే ముందు పైన మెరుపు తగ్గి మసకబారాలి, అది రాలేదు. సరే, పళ్లెంలో పోస్తే తెల్లారేసరికి గట్టిపడుతుందేమోనని పోశాను. కాసేపటికి కత్తితో గీసి చూస్తే ఆ గీత నా కళ్లముందే నెమ్మదిగా పూడుకుపోయింది. కొలత ఏమైనా తేడా పడిందేమోనని కొంచెం పాకం విడిగా పెట్టి, ఈసారి పక్కనే నీళ్ల గిన్నె ఉంచుకున్నాను. అంకె 115 చూపిస్తుండగా ఒక చుక్క వేశాను. ఉండ కట్టడం మాట అటుంచి, నీళ్లు తగలగానే పలచగా విడిపోయింది. అంటే పాకం ఇంకా లేతగానే ఉంది, తప్పు చెబుతున్నది థర్మామీటరే.

అట్టపెట్టె మీదున్న నంబరుకి ఫోన్ చేశాను. అప్పటికి బాగా పొద్దుపోయింది, ఎవరూ ఎత్తరనుకున్నాను. ఒకతను ఎత్తాడు. బిల్లు నంబరు, కొన్న తేదీ, మోడల్ పేరు ఇవేమీ అడగలేదు. "మేడం, ప్రోబ్ ఇప్పుడు ఎక్కడుంది?" అన్నాడు. తుడిచి గట్టు మీద పెట్టానన్నాను.

"అలాగే ఉంచండి. అంకె ఎంత చూపిస్తోంది?"

చూశాను. 71.

"మీ వంటగదిలో 71 డిగ్రీలు ఉండదు కదండీ" అన్నాడు. నిజమే, అది పొడిగా పడున్నప్పుడు ఎంత చూపిస్తుందో నేనెప్పుడూ చూడలేదు. పాకం కాగుతుండగా పెట్టడం, అయ్యాక తీసి కడగడం, అంతే. తర్వాత ఐసు ముక్కలు నలగ్గొట్టి కొంచెం నీళ్లు పోసి అందులో ముంచమన్నాడు. సున్నా రావాలి, 68 వచ్చింది. ఆ తర్వాత నీళ్లు మరిగించమన్నాడు. అవి సలసల కాగేదాకా ఫోన్ పెట్టేయలేదు, నన్ను హడావుడి పెట్టలేదు. ఈలోగా మేము ఉండేది ఎత్తైన ప్రాంతమా అని అడిగాడు. ప్రతి 300 మీటర్ల ఎత్తుకి నీళ్లు మరిగే వేడి దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుందట, ఆ తేడాని థర్మామీటర్ తప్పు కింద లెక్కేయకూడదు కదా అన్నాడు. మాది పల్లపు ప్రాంతమేనని చెప్పాను. మరిగే నీళ్లలో 110 చూపించింది.

"అయితే తేమ చేరిందండీ" అన్నాడు వెంటనే. ఐసులో 68 డిగ్రీల తేడా, మరిగే నీళ్లలో 10 డిగ్రీలే తేడా ఏమిటని అడిగాను. నేనడగకపోతే ఊరుకునేవాడేమో, అడిగాక మాత్రం విసుక్కోకుండా వివరంగా చెప్పాడు. ఆ పుల్ల చివర ఉండే సెన్సార్‌కి వేడి పెరిగేకొద్దీ విద్యుత్ నిరోధం తగ్గుతుంది. డబ్బా ఆ నిరోధాన్ని కొలిచి డిగ్రీలుగా చూపిస్తుంది. పుల్ల, వైరు కలిసే మెడ దగ్గర నుంచి ఆవిరి లోపలికి దూరితే కరెంటుకి ఇంకో దారి దొరుకుతుంది. దాంతో నిరోధం ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది, వేడి ఎక్కువగా ఉందని డబ్బా అనుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడు సెన్సార్ నిరోధం చాలా ఎక్కువ కాబట్టి కరెంటంతా ఆ దొంగదారినే పోతుంది, అంకె దారుణంగా తప్పుతుంది. బాగా వేడెక్కాక సెన్సార్ దారే సులువవుతుంది కాబట్టి తేడా తగ్గుతుంది. నాకు సైన్సు చదువు లేదు, అయినా ఒక్కసారి వినగానే అర్థమైంది. 110 చూపినప్పుడు నిజంగా ఉన్నది 100. అంటే నేను 115 అనుకుని దించిన పాకం దాదాపు 105 దగ్గరే ఉంది. అది చిలికితే గట్టిపడే పాకమే కాదు.

ప్రోబ్ పిన్ను లాగేయమన్నాడు. తెర మీద గీతలు వచ్చాయి. "గీతలు వచ్చాయంటే డబ్బా బాగానే ఉందండీ, ప్రోబ్ ఒక్కటే పంపిస్తాను" అని అడ్రసు తీసుకున్నాడు. పాతదాన్ని సన్నటి వేడి మీద ఓవెన్‌లో ఆరబెడితే మళ్లీ పనిచేయొచ్చు కానీ తేమ దారి తెలుసుకుంది కాబట్టి నమ్మొద్దని కూడా చెప్పాడు.

ఇంతవరకూ చేసినా మంచి సర్వీసే అనేదాన్ని. ఫోన్ పెట్టేయబోతుండగా అడిగాడు: "ఆ పళ్లెంలో ఉన్నది పారేశారా?" లేదన్నాను. "పారేయకండి" అన్నాడు.

అంతా మళ్లీ గిన్నెలోకి తీసి, కొద్దిగా నీళ్లు పోసి, సన్న సెగ మీద పూర్తిగా కరగనివ్వమన్నాడు. అంచులకి అంటిన చక్కెర పలుకులు ఉంటే తడి కుంచెతో కిందికి దింపమన్నాడు, ఒక్క పలుకు మిగిలినా దాని చుట్టూ మిగతాదంతా గరుకు కడుతుందట. పాలు ఉన్నాయి కాబట్టి అడుగంటకుండా గరిటె ఆపొద్దన్నాడు. దశ మాత్రం నీళ్ల చుక్కతోనే చూసుకోమన్నాడు. నీళ్లలోనే వేళ్లతో దగ్గరకి తీస్తే ఉండ రావాలి, బయటికి తీస్తే వేలి మీద కొంచెం సాగిలపడాలి. దించాక అడుగున చేయి పెట్టగలిగేంత, అంటే 45 డిగ్రీల చుట్టుపక్కలకి వచ్చేదాకా గరిటె ముట్టుకోవద్దన్నాడు. వేడి మీద చిలికితే పెద్ద పలుకులు పుడతాయి, చల్లబడ్డాక చిలికితే లెక్కలేనన్ని సన్నవి ఒకేసారి పుడతాయి, నాలుక మీద నున్నగా ఉండేది అందుకేనట.

అలాగే చేశాను. కొంచెం రంగు ముదిరింది. రెండుసార్లు కాగిందేమో, పాలు మాడీ మాడని ఒక కమ్మటి రుచి వచ్చింది, మొదటి విడతకి ఎప్పుడూ రాని రుచి అది. పొద్దున కత్తి దించితే గీత గీతలాగే నిలిచింది. మా అక్క ముక్క నోట్లో వేసుకుని, "ఈసారి ఏదో మార్చావే" అంది. రాత్రి జరిగిందంతా చెప్పాను. మిఠాయికన్నా ఫోన్‌లో మాట్లాడిన ఆ అబ్బాయి గురించే ఎక్కువసేపు చెప్పుకున్నాం. అతనికి పాకం తెలుసు. తను అమ్మే వస్తువుతో ఎదుటివాళ్లు ఏం చేసుకుంటారో తెలిసిన మనిషిని ఫోన్ దగ్గర కూర్చోబెట్టిన కంపెనీ అంటే నాకు గౌరవం.

కొత్త ప్రోబ్ కొద్దిరోజుల్లోనే వచ్చింది. పాతది నిటారుగా ఉండేది, ఇది మెడ దగ్గర వంగి ఉంది. గిన్నె అంచుకి తగిలిస్తే వైరు కలిసే చోటు ఆవిరి దారిలోంచి పక్కకి జరుగుతుంది. పుల్లని తడిగుడ్డతో తుడవండి, మెడ మీద నీళ్లు పడనివ్వకండి అని ఒక చీటీ కూడా పెట్టారు. పాతదాంతో వచ్చిన కాగితంలో ఈ మాట లేదు. ఉండాల్సింది.

ఇక అలారం. మొదట్లో అంతగా మెచ్చుకున్నాను కాబట్టి ఇది కూడా చెప్పాలి. అది మోగేది అంకెని చూసి, పాకాన్ని చూసి కాదు. పైగా పుల్ల వేడెక్కి అంకె మారడానికి కొన్ని సెకన్లు పడుతుంది, ఆలోగా పాకం ముందుకి పోతుంది. మందపాటి గిన్నె అయితే పొయ్యి ఆర్పాక కూడా వేడి ఇంకాస్త పెరుగుతుంది. అందుకని ఇప్పుడు కావలసినదానికి రెండు డిగ్రీలు ముందే పెట్టుకుంటున్నాను, మోగగానే సెగ తగ్గించి చివరి మాట నీళ్ల చుక్కనే అడుగుతున్నాను. వంటింట్లో ఫ్యాన్ తిరుగుతుంటే అలారం మోత వినపడదు, అది కూడా నిజమే. కొద్దిగా చేసుకునేవాళ్లకి ఇంకో చిక్కుంది. పుల్ల చివర పాకంలో బాగా మునగాలి, అడుగుకి మాత్రం తగలకూడదు. వెడల్పాటి గిన్నెలో పాకం పలచగా పరుచుకుంటే ఈ రెండూ కుదరవు. నేను సన్నటి, లోతైన గిన్నెకి మారాను. అంచుకి తగిలించే క్లిప్పు మందం అంచు గిన్నెలకి పట్టదు.

మొదలుపెట్టేముందు ప్రతిసారీ పొడి ప్రోబ్ ఎంత చూపిస్తోందో ఒక చూపు చూస్తున్నాను. గది వేడికి దగ్గరగా ఉంటే చాలు. అప్పుడప్పుడు మరిగే నీళ్లలో కూడా ముంచి చూస్తాను. ఈ పని మీ దగ్గరున్నది ఏ కంపెనీదైనా చేయొచ్చు.

కొనమంటానా? నేను ఒక్కదాన్నే చేసుకుంటాను, పక్కన నిలబడి "ఇంక దించెయ్" అనే పెద్దవాళ్లు ఎవరూ లేరు, చేసేది ఎక్కువగా పాలతో, వెన్నతో చేసే మిఠాయిలు. వాటిలో నాలుగైదు డిగ్రీల తేడాకే పని చెడుతుంది. నాకు ఇది కావాలి. ఏడాదికి ఒకసారి పాకం పట్టేవాళ్లకి, చేయి తిరిగినవాళ్లకి అంత అవసరం లేదేమో. కొనేవాళ్లు మాత్రం ప్రోబ్ విడిగా ఊడొస్తుందా, విడిగా అమ్ముతారా అని ముందే కనుక్కోండి. పిన్ను సరిపోయింది కదా అని ఇంకో కంపెనీ ప్రోబ్ తగిలిస్తే కుదరదు, లోపలి సెన్సార్ వేరే రకమైతే అంకెలన్నీ తప్పుతాయి. ఈ మోడల్ ఆపేస్తే ప్రోబ్‌లు దొరుకుతాయా అని ఆ రోజే అడిగాను. కొంతకాలం దొరుకుతాయి, ఎంతకాలమో హామీ ఇవ్వలేనన్నాడు. అందుకని ఇంకొకటి డబ్బిచ్చి తెప్పించి సొరుగులో పెట్టుకున్నాను.