సగటు చూసి ట్రైనింగ్ పెట్టొద్దు: 360 డిగ్రీల ఫీడ్‌బ్యాక్ గ్రూప్ రిపోర్టుపై నా సమీక్ష

రేణిగుంట ఎయిర్‌పోర్టు దగ్గరి ఎలక్ట్రానిక్స్ క్లస్టర్‌లో ఒక ఫ్యాక్టరీలో హెచ్‌ఆర్ పని చూస్తాను. మా సూపర్‌వైజర్లకు, షిఫ్ట్ ఇన్‌ఛార్జీలకు ఏటా 360 డిగ్రీల ఫీడ్‌బ్యాక్ తీస్తాం. పైవాళ్లు, తోటివాళ్లు, కింద పనిచేసేవాళ్లు ఒక్కో ప్రశ్నకు 1 నుంచి 5 దాకా మార్కులు వేస్తారు. తమకు తామూ వేసుకుంటారు. ఎవరి రిపోర్టు వాళ్ల చేతికి వెళ్తుంది, అందరివీ కలిపిన గ్రూప్ రిపోర్టు మేనేజ్‌మెంట్‌కు వస్తుంది. నేను రాస్తున్నది ఈ గ్రూప్ రిపోర్టు గురించే. ఏ టూల్ తీసుకున్నా ఇది ఇంచుమించు ఇట్లే ఉంటుంది కాబట్టి మేం వాడేదాని పేరుతో పనిలేదు.

నా అభిప్రాయం ముందే చెప్తాను. పెట్టిన డబ్బుకు న్యాయం చేసే రిపోర్టే. కానీ మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో వేసే మొత్తం సగటును నమ్ముకుని ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. అసలు సరుకు లోపలి పేజీల్లో ఉంటుంది.

మా లైన్‌లో పనిచేసే పిల్లలు సూపర్‌వైజర్‌ను అన్నా అనే పిలుస్తారు. శ్రీకాళహస్తి, ఏర్పేడు, పుత్తూరు వైపు నుంచి ఆయనతో పాటు ఒకే బస్సులో వచ్చేవాళ్లూ ఉంటారు. అట్లాంటి మనిషికి 2 వేయాలంటే చెయ్యి రాదు. అందుకే దాదాపు అన్ని ప్రశ్నలకూ 3.7కు, 4.5కు మధ్యే మార్కులు పడతాయి, రిపోర్టు నిండా ఆకుపచ్చ రంగే కనిపిస్తుంది. ఆ రంగు చూసి మేనేజ్‌మెంట్ సంతోషపడుతుంది. నేనైతే రంగులు వదిలేసి, మా ప్రశ్నలన్నిటిలో అడుగున ఏవి ఉన్నాయో చూస్తాను. అందరూ ధారాళంగా మార్కులు వేసే చోట 3.7 వచ్చిందంటే అది మంచి మార్కు కాదు. అట్లని 4.1కు, 4.2కు మధ్య తేడా వెతకడం కూడా దండగ. ఒకరిద్దరు ఆ రోజు ఫారం నింపకపోయినా అంత తేడా వచ్చేస్తుంది.

ఈ రిపోర్టులో నేను ఎక్కువసేపు కూర్చునేది ఎన్ని 1లు, ఎన్ని 2లు, ఎన్ని 5లు పడ్డాయో విడివిడిగా చూపే పట్టిక దగ్గర. ‘తప్పు జరిగితే అందరి ముందు కాకుండా పక్కకు పిలిచి మాట్లాడతారు’ అని మాకొక ప్రశ్న ఉంది. ఒక ఏడాది దాని సగటు 3.5. మిగతా ప్రశ్నలకంటే కిందే ఉన్నా, పైపైన చూస్తే పర్వాలేదనిపించే మార్కే. పట్టికలోకి వెళ్తే 3 వేసినవాళ్లు దాదాపు లేరు. ఒక గుంపు 4, 5 దగ్గర, ఇంకో గుంపు 1, 2 దగ్గర ఉంది. షిఫ్ట్ వారీగా విడదీస్తే విషయం తేలింది. పగటి షిఫ్ట్ వాళ్లు 5లు వేశారు, నైట్ షిఫ్ట్ వాళ్లు 1లు వేశారు. నైట్‌లో ఆఫీసు గదులకు తాళం పడుతుంది, పక్కకు పిలవడానికి చోటే లేదు. సోల్డరింగ్ దగ్గర బోర్డు పోయిందంటే మాటలన్నీ లైన్ మీదే, పదిమంది వింటుండగానే పడాలి. ఇది రిపోర్టు చెప్పలేదు. క్యాంటీన్‌లో నలుగురైదుగురిని కూర్చోబెట్టి అడిగితే తెలిసింది. అప్పటికే ‘సంభాషణ నైపుణ్యాలు’ అని అందరికీ ఒక ట్రైనింగ్ పెట్టే ఆలోచన నడుస్తోంది. దాని బదులు నైట్‌లో ఒక గది తాళం షిఫ్ట్ ఇన్‌ఛార్జీ చేతిలో పెట్టాం. మనుషుల స్వభావం అనుకున్నది తీరా చూస్తే గది సమస్య.

సగటు ఎట్లా కట్టారో కూడా అడగాలి. ఒక సూపర్‌వైజర్ కింద 12 మంది ఉండి అందరూ 3 వేశారు, ఇంకొకరి కింద 3 మందే ఉండి అందరూ 5 వేశారు అనుకుందాం. ఇద్దరి సగటులకు సగటు కడితే 4.0. మార్కులు వేసిన 15 మందినీ కలిపి కడితే 3.4. రెండూ లెక్క ప్రకారం సరైనవే. సగటు సూపర్‌వైజర్ ఎట్లా ఉన్నాడని అడిగితే మొదటిది, కింద పనిచేసేవాళ్లకు రోజూ ఎట్లా గడుస్తోందని అడిగితే రెండోది. మా రిపోర్టు ఏది వాడిందో ఎక్కడా రాయదు, మెయిల్ పెట్టి అడిగితే గానీ చెప్పరు. ఇది పెద్ద లోపం.

తన అంచనాకు, ఇతరుల అంచనాకు తేడా చూపే పేజీ ఇంకో చిక్కు. గ్రూప్ మొత్తానికి ఆ తేడా సున్నా దగ్గర వస్తే మావాళ్లకు తమ గురించి తమకు బాగా తెలుసని మురిసిపోతారు. సగం మంది తమను ఎక్కువ చేసుకుని, మిగతా సగం తక్కువ చేసుకున్నా అదే సున్నా వస్తుంది. ఎక్కువ వేసుకున్నవాళ్లు ఎందరు, తక్కువ వేసుకున్నవాళ్లు ఎందరు అని విడిగా లెక్క తెప్పించుకోండి.

ఇక ఈ మార్కులను అసలు నమ్మొచ్చా అని మా మేనేజర్లు అడుగుతుంటారు. 2000లో స్కలెన్, మౌంట్, గాఫ్ అనే పరిశోధకులు నాలుగు వేలకు పైగా మేనేజర్ల మార్కులు పరిశీలించి, ఆ మార్కుల్లోని తేడాల్లో సగానికి పైగా వేసేవాళ్ల సొంత ధోరణి నుంచే వస్తున్నాయని తేల్చారు. ఒకరు చేయి బిగబట్టి వేస్తారు, ఇంకొకరు అందరికీ 5లే. ఈ విషయంలో గ్రూప్ రిపోర్టు మేలు. చాలామంది మార్కులు కలిసినప్పుడు ఒక్కొక్కరి అలవాట్లు ఒకదాన్నొకటి కొంతవరకు కొట్టేసుకుంటాయి. కానీ అందరిలోనూ ఒకే భయం ఉంటే అది కొట్టుకుపోదు. ఈ మార్కులు ఇంక్రిమెంట్‌కు ముడిపెడతారట అన్న మాట క్యాంటీన్‌లో ఒక్కసారి పాకితే చాలు, ఆ ఏడాది రిపోర్టు పక్కన పెట్టేయొచ్చు.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది గోప్యత. ముగ్గురికి తక్కువ ఉన్న గుంపు మార్కులు టూల్ దాచేస్తుంది. మంచిదే. కానీ పక్క గడుల్లోంచి తీసివేత చేస్తే బయటపడుతుంది. మొత్తం 10 మంది సగటు 3.8, అందులో తోటివాళ్లు 8 మంది సగటు 4.25 అని వేశారనుకోండి. 38లోంచి 34 తీసేస్తే 4. దాచిన ఇద్దరూ కలిసి వేసింది 4 మార్కులే. ఇద్దరూ కింద పనిచేసేవాళ్లే అయితే, వాళ్లెవరో ఆ సూపర్‌వైజర్‌కు చెప్పాల్సిన పనిలేదు. డిపార్ట్‌మెంట్, షిఫ్ట్, ఆడ-మగ అని సన్నగా కోసేకొద్దీ ఈ ప్రమాదం పెరుగుతుంది. టెస్టింగ్‌లో ఆడపిల్లలు ఇద్దరే ఉన్న చోట ఆ కోత నేను అడగను, ఎవరు అడిగినా ఇవ్వను. మాట ఇచ్చి మార్కులు వేయించుకున్నాం కాబట్టి ఇందులో బేరం లేదు.

ఏడాదికి ఏడాది పోల్చే గ్రాఫ్‌ను జాగ్రత్తగా చూడాలి. ఒకసారి మా సర్వే బ్రహ్మోత్సవాల వారంలో పడింది. తిరుపతి వాళ్లలో చాలామంది సెలవులో, మిగిలినవాళ్లు డబుల్ డ్యూటీలో ఉన్నారు. మార్కులు తగ్గాయి. తగ్గింది సూపర్‌వైజర్ల పనితీరా, నింపినవాళ్ల ఓపికా? ఎందరు నింపారో, పోయినేడు నింపినవాళ్లే ఎందరో తెలియకుండా ఆ గీతకు అర్థం లేదు. సాలెగూడులా గీసే రాడార్ చార్ట్ నాకెప్పుడూ అక్కరకు రాలేదు. రాతపూర్వక వ్యాఖ్యలను మాత్రం తప్పక చదవండి, పేర్లు తీసేసి.

సూపర్‌వైజర్లు పదిమంది కూడా లేని యూనిట్ అయితే గ్రూప్ రిపోర్టుకు విడిగా డబ్బు పెట్టనక్కర్లేదు, ఎవరి రిపోర్టు వాళ్లకిచ్చి కూర్చుని మాట్లాడితే చాలు. అంతకు మించి ఉంటే తీసుకోండి. సంతకం పెట్టే ముందు మార్కుల విడివిడి పట్టిక ఇస్తారా, సగటు ఏ పద్ధతిలో కడతారు, తీసివేతతో గుట్టు బయటపడకుండా ఏం చేస్తారు అని కాగితం మీద రాయించుకోండి.