కుళాయి నీళ్లా, క్యాన్ నీళ్లా: బెజవాడ, గుంటూరులో ఏది మేలు?

మీ వీధికి కృష్ణ నీళ్ల కుళాయి ఉంటే ఆ నీళ్లే కాచి తాగండి. బోరు తప్ప దిక్కులేని చోట మాత్రం ఆర్వో (సన్నటి పొరలోంచి నీళ్లను తోసి ఉప్పు తీసే యంత్రం) మేలు. నేను ఇలా అంటే చాలామంది ఒప్పుకోరు, వాళ్ల భయానికి కారణం ఉంది. 2018 మార్చిలో గుంటూరులో మురుగు కలిసిన కుళాయి నీళ్లు తాగి మనుషులు చనిపోయారు. ఆ వార్త విన్న తల్లి బిడ్డకు క్యాన్ నీళ్లే పట్టిస్తే తప్పుపట్టలేం.

అయితే ఎక్కువసార్లు నీళ్లు పాడయ్యేది దారిలోని పైపులోనే. రోజుకు గంటో రెండు గంటలో నీళ్లు వదిలి ఆపేస్తే మిగతా సమయం పైపులో ఒత్తిడి ఉండదు. పక్కనే సైడు కాలువ ఉంటే, పగుళ్లలోంచి మురుగు లోపలికి దిగుతుంది. కుళాయికి నేరుగా మోటారు బిగిస్తే ఆ మురుగును మనమే లాక్కున్నట్టు. నది నుంచి నీళ్లు తేవడం ఒకప్పుడు పెద్ద పని. ఇప్పుడు వాటిని చివరి ఇంటిదాకా శుభ్రంగా చేర్చడమే అంతకన్నా కష్టం. పాత పైపులు మార్చడానికి డబ్బు పెట్టాలని నేను గట్టిగా అనేది అందుకే.

ఇక క్యాన్. చాలా ప్లాంట్లు బోరు నీళ్లనే ఆర్వోలో పోసి అమ్ముతాయి. ఉప్పు పోతుంది, రుచి బాగుంటుంది. దాంతోపాటు కాల్షియం, మెగ్నీషియం తగ్గిపోతాయి, క్రిములను చంపే క్లోరిన్ రక్షణ కూడా ఉండదు. క్యాన్ సరిగా కడగకపోతే అందులో క్రిములు పెరుగుతాయి. ఇంట్లో ఆర్వో పెట్టుకుంటే ఆ బెడద తగ్గుతుంది గానీ, లీటరు మంచినీళ్లకు రెండు మూడు లీటర్లు బయటికి పోతాయి. నీళ్లలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపే ఉంటే ఉప్పు కోసం ఆర్వో అక్కర్లేదు.

కాచితే క్రిములు చస్తాయి, ఉప్పు, నైట్రేట్ల లాంటి కరిగిన రసాయనాలు పోవు. బోరు నీళ్లకు కాచడం ఒక్కటే సరిపోదని చెప్పేది ఇందుకే.

వరదల్లో లెక్క వేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు బెజవాడలోని సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు సీసా నీళ్లే ఆదుకున్నాయి. అప్పుడు కుళాయి, బోరు రెండూ అనుమానించాల్సినవే. వరద తీశాక సంపు కడిగి, క్లోరిన్ వేశాకే వాడాలి.

మామూలు రోజుల్లో కుళాయి నీళ్లకు కాస్త క్లోరిన్ వాసన వస్తే టెన్షన్ పడకండి. చివరి ఇంటి కుళాయిలో కూడా క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలి. మీ కుళాయి దగ్గరే పరీక్ష చేయమని కార్పొరేషన్ వాళ్లను అడగండి. నీళ్లు రంగు మారినా, మురుగు వాసన కొట్టినా ఆ రోజు వాటిని తాగకుండా వెంటనే ఫిర్యాదు చేయండి.