విజయవాడ ఆటోనగర్‌లోని ఈ బ్రేకుల షెడ్డు: మా పాత ఇన్నోవా ముందు బ్రేకు పట్టేసిన సంగతి

మాది 2009 నాటి ఇన్నోవా, రెండున్నర లీటర్ల డీజిల్ బండి; మీటరు 2,14,000 కిలోమీటర్లు దాటింది. పెడల్ మీద కాలు తీసినా దాని ఎడమ ముందు బ్రేకు వదలకుండా పట్టేస్తోందని రెండు నెలలపాటు తిరిగి, మూడో ప్రయత్నంగా ఈ షెడ్డుకు వచ్చాను. ఇక్కడ ఒక్క సామాను కూడా ముందుగా కొనిపించకుండా, ఒక పూటలో, తప్పు ఎక్కడుందో నా కళ్లెదుటే రుజువు చేసి చూపించారు. పాత బండ్లు ఉన్నవారికి ఉపయోగపడుతుందని, వారు పరీక్షించిన తీరును కొంచెం వివరంగానే రాస్తున్నాను.

శ్రీశైలం నుంచి తిరిగి వస్తూ, ఘాట్ దిగి దోర్నాలలో టీకి ఆగినప్పుడు మొదటిసారి ఎడమ ముందు చక్రం దగ్గర కమురు వాసన వచ్చింది. ఘాట్ దిగాక బ్రేకులు వేడెక్కడం మామూలే కదా అనుకున్నాను గానీ, ఆ వాసన కుడి చక్రం దగ్గర ఎందుకు లేదని ఆలోచించలేదు. తర్వాతి వారాల్లో ఇరవై ముప్ఫై కిలోమీటర్లు నడిచేసరికి స్టీరింగ్ ఎడమకు లాగడం, కొద్దిపాటి పల్లంలో న్యూట్రల్‌లో వదిలినా బండి కదలకుండా నిలబడిపోవడం, ఆ ఒక్క రిమ్ము మీదే నల్లటి పొడి దట్టంగా పేరుకోవడం మొదలైంది. రాత్రి ఇంటి ముందు ఆపి ఉదయం చూస్తే మాత్రం ఏ లోపమూ కనిపించేది కాదు.

మొదట చూపించిన చోట చక్రంతో పాటు తిరిగే రెండు డిస్కులు, వాటిని నొక్కి ఆపే ప్యాడ్లు మార్చి 9,800 రూపాయలు తీసుకున్నారు. ఇరవై రోజులు తిరగకముందే కొత్త ప్యాడ్లు కూడా మాడిన వాసన వేశాయి. రెండో చోట వీల్ బేరింగ్ పోయిందన్నారు. ఇద్దరూ బండిని రాత్రంతా తమ దగ్గర ఉంచుకుని, చల్లారాక విప్పి చూసినవారే. వారికి దురుద్దేశం ఉందని నేను అనను, కానీ లోపం లేని వేళ లోపాన్ని వెతికారు.

ఈ షెడ్డు మేస్త్రిగారు నేను చెప్పినదంతా విని మొదట అన్నమాట ఇది: “చల్లారిన బండిని విప్పితే ఏం తెలుస్తుందండీ, పట్టేసినప్పుడే చూడాలి. పదండి, ఒక రౌండు వెళ్లొద్దాం.” నా పక్కన కూర్చుని గన్నవరం వైపు హైవే మీద బయలుదేరారు. నిడమానూరు దాటాక స్టీరింగ్ లాగడం మొదలైంది. గన్నవరం చేరి వెనక్కి తిప్పుకుని షెడ్డుకు వచ్చేసరికి పెడల్ మీద కాలు లేకపోయినా బండి బరువుగా నడుస్తోంది. దిగీ దిగగానే టెంపరేచర్ గన్ పెట్టి చూస్తే కుడి డిస్కు 70 డిగ్రీల దగ్గర, ఎడమ డిస్కు 190 దగ్గర ఉన్నాయి. వెంటనే జాకీ ఎత్తి, కింద స్టాండ్లు పెట్టి, న్యూట్రల్‌లో చక్రాలు తిప్పి చూశారు. ఇన్నోవాకు ఇంజన్ బలం వెనక చక్రాలకే అందుతుంది గనుక ముందు చక్రాలు చేత్తో సులువుగా తిరగాలి. కుడిది తిరిగింది, ఎడమది ఇద్దరు పట్టి తిప్పినా కదలలేదు.

అసలు పరీక్ష ఇక్కడ మొదలైంది. ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్ మీద, ఆయిల్ బయటికి తీయడానికి ఉండే నిపుల్‌కు సన్నని ప్లాస్టిక్ గొట్టం తగిలించి, రింగు పానాతో అర చుట్టు వదులు చేశారు. బ్రేక్ ఆయిల్ చివ్వున చిమ్మింది, చక్రం ఆ క్షణమే వదులైంది. ప్యాడ్‌ను తోసే పిస్టన్ తుప్పుపట్టో, కాలిపర్ అటూ ఇటూ జరిగే గైడ్ పిన్నులు ఎండిపోయో బిగుసుకుని ఉంటే నిపుల్ తెరిచినా చక్రం వదలదని, ఇక్కడ ఆయిల్ ఒత్తిడే లోపల చిక్కుకుని ఉందని ఆయన వివరించారు. అయితే ఆ ఒత్తిడిని వదలకుండా ఆపుతున్నది పెడల్ దగ్గర ఒత్తిడి పుట్టించే మాస్టర్ సిలిండరా, మధ్యలోని రబ్బరు హోస్ పైపా అన్నది ఇంకా తేలలేదు. నిపుల్ బిగించి, కుర్రాడిచేత పెడల్‌ను గట్టిగా నొక్కించి వదిలించగా చక్రం మళ్లీ బిగిసింది. ఈసారి ఇనుప పైపు రబ్బరు పైపును కలిసే చోట నట్టు వదులు చేశారు. అక్కడ రెండు చుక్కలు మాత్రమే కారాయి, చక్రం వదలలేదు. తర్వాత కింద నిపుల్ తెరవగానే వదిలింది. అంటే పైన ఒత్తిడి లేదు, కింద ఉంది. తప్పు ఆ రెండింటి మధ్యనున్న మూరెడు రబ్బరు పైపులోనే ఉంది. ఇంత సూటిగా, పానా ఒక్కటే పట్టుకుని, ఊహకు చోటు లేకుండా తేల్చడం చూసి నాకు నిజంగా గౌరవం కలిగింది.

పాత పైపును విప్పాక నేను అడగకుండానే బ్లేడుతో నిలువునా చీల్చి చూపించారు. పైన చూస్తే చిన్న పగులు కూడా లేదు. లోపలి పొర మాత్రం ఒకచోట ఉబ్బి, గోరంత ముక్క లేచి, దారికి అడ్డంగా తలుపులా వేలాడుతోంది. పెడల్ నొక్కినప్పుడు ఆయిల్ బలంగా వెళ్లి ఆ ముక్కను తోసుకుపోతుంది. కాలు తీశాక పిస్టన్‌ను వెనక్కి లాగేది దాని చుట్టూ ఉన్న సీలు రబ్బరు మాత్రమే, ఆ కొద్దిపాటి బలానికి ఆయిల్ వెనక్కి రాలేదు. ఒరుసుకున్న ప్యాడ్ల వేడికి చిక్కుకున్న ఆయిల్ వ్యాకోచించి ఇంకా బిగుస్తుంది. రాత్రంతా ఆగితే మెల్లగా జారి వదులవుతుంది. ఉదయం ఏ లోపమూ కనిపించకపోవడానికి కారణం నాకు అప్పుడు అర్థమైంది.

కుడి వైపు పైపు కూడా అదే వయసుది గనుక రెండూ మార్చమని సలహా ఇచ్చారు, ఒప్పుకున్నాను. కాలిపర్‌ను పైపు మీద వేలాడనివ్వకుండా తీగతో కట్టి ఉంచడం, గైడ్ పిన్నులు తుడిచి మామూలు గ్రీజు కాకుండా సిలికాన్ గ్రీజు రాయడం నేను గమనించాను. మామూలు గ్రీజుకు అక్కడి రబ్బరు తొడుగులు ఉబ్బిపోతాయి. నల్లబడిన ఆయిల్ మొత్తం తీసి డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ పోసి, నాలుగు చక్రాల బ్రేకు పైపుల్లోంచీ గాలి బుడగలు తీశారు. పైపులు, ఆయిల్, కూలి అన్నీ కలిపి 4,350 రూపాయలు అయింది. మాడిన ప్యాడ్లు గాజులా నున్నబడ్డాయి గానీ, మందం బాగానే ఉందని గరుకు కాగితంతో రుద్ది అవే బిగించారు. అక్కడ కొత్తవి అమ్ముకునే అవకాశం ఉండి కూడా అమ్మలేదు. నేనైతే కొత్తవి వేయించుకునేవాడినే. అంత వేడి తిన్న ప్యాడ్ల విషయంలో మాత్రం వారి నిర్ణయంతో నేను పూర్తిగా ఏకీభవించను.

మూడు లోపాలు చెప్పాలి. చక్రాల నట్లను గాలి గన్నుతోనే బిగించి వదిలేశారు. ఎంత బిగువో కొలిచి బిగించే టార్క్ పానా వాడమని అడిగితే లేదన్నారు, కనుక ఇంటికి వచ్చి నేనే సరిచూసుకున్నాను. బిల్లు మీద పైపుల కంపెనీ పేరు గానీ పార్టు నంబరు గానీ రాయలేదు. అడిగాక అట్టపెట్టె తెచ్చి చూపించి చేత్తో రాసి ఇచ్చారు. కూర్చోవడానికి ఒక బెంచీ, ఫ్యాను తప్ప వేరే వసతి లేదు, కుటుంబంతో వెళ్లడం కష్టం.

ఆ తర్వాత బండి 2,600 కిలోమీటర్లు తిరిగింది, అందులో మరోసారి శ్రీశైలం ప్రయాణం కూడా ఉంది. దోర్నాలలో అదే టీ కొట్టు ముందు ఆపి రెండు ముందు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూశాను. రెండు వైపులా ఒకే సెగ తగిలింది.