డిస్కులను బట్టి ప్లేయర్: సోనీ ఎస్3700తో ఇన్నేళ్లు

మా టీవీ కింద అలమరలో రెండు అరల నిండా డిస్కులున్నాయి. వాటిలో ముప్పాతిక మువ్వీసం డీవీడీలే. ఆ తర్వాత కొన్ని బ్లూరేలు (డీవీడీ కంటే స్పష్టమైన హెచ్‌డీ బొమ్మ ఉండేవి), అమ్మ దాచుకున్న పాత పాటల సీడీలు. వాటికంటే కూడా స్పష్టమైన 4కే డిస్కులైతే వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. డిస్క్ ప్లేయర్ ఏది కొనాలని ఎవరైనా అడిగితే నేను ముందు అడిగేది బడ్జెట్ గురించి కాదు, "మీ దగ్గర ఏ డిస్కులున్నాయి?" అని. పెట్టె మీద ఫీచర్లు చూసి కొనేస్తే సగం ఫీచర్లకు పనికొచ్చే డిస్క్ ఇంట్లో ఉండదు, ఇంట్లో ఉన్న డిస్కులకు కావలసిన సంగతి పెట్టె మీద ఉండదు.

నేను ఏళ్ల తరబడి వాడుతున్నది సోనీ బీడీపీ-ఎస్3700 బ్లూరే ప్లేయర్. 2016లో వచ్చిన మోడల్, అప్పట్లో నాకు పదివేల లోపే పడింది. 3డీ లేదు, 4కే లేదు. వెనకాల ఒక హెచ్‌డీఎంఐ, ఒక కోయాక్సియల్ ఆడియో (డిజిటల్ సౌండ్ పంపే గుండ్రటి రంధ్రం), నెట్ వైరుకు ఒక లాన్ పోర్టు. ముందు యూఎస్‌బీ. వైఫై ఉంది. కిలో బరువు కూడా ఉండదు కాబట్టి మందపాటి హెచ్‌డీఎంఐ వైరు తగిలిస్తే ఆ వైరు బరువుకే ప్లేయర్ వెనక్కి జరుగుతూ ఉంటుంది. కోఠీ గుజరాతీ గల్లీలో సన్నటి మెత్తటి వైరు ఒకటి తెచ్చి తగిలించాక కుదురుగా కూర్చుంది. కరెంటు 12 వోల్టుల అడాప్టర్ ద్వారా వెళ్తుంది. ఇది నాకు నచ్చిన సంగతి. మా వీధిలో కరెంటు పోయి వచ్చేటప్పుడు వోల్టేజీ ఆడే ఆటలకు ముందు దెబ్బ తగిలేది అడాప్టర్‌కే. అదే వోల్టేజీ, అదే పోలారిటీ (ప్లస్, మైనస్ వైపులు), సరిపడా ఆంపియర్లు ఉన్నది ఇంకొకటి కొనుక్కుంటే సరి, ప్లేయర్ విప్పక్కర్లేదు.

ముందు డిస్‌ప్లే లేదు. సినిమాకు దాంతో పని లేదు గానీ, సీడీ పెట్టి పాటలు వినేటప్పుడు ఎన్నో పాట నడుస్తోందో తెలియాలంటే టీవీ వేయాల్సిందే. అమ్మకు ఇది అస్సలు నచ్చదు. సీడీలు ఎక్కువగా వినే ఇల్లయితే డిస్‌ప్లే ఉన్న పాత మోడల్ వెతుక్కోవడం మేలు.

ఇక డీవీడీల సంగతి. బొమ్మను 1080పీకి, అంటే హెచ్‌డీ స్థాయికి, పెంచి చూపిస్తుందని ప్రతి బ్లూరే ప్లేయర్ పెట్టె మీదా ఉంటుంది. పెంచుతుంది, నిజమే. కానీ డిస్క్‌లో ఉన్నదే 720 బై 576 లేదా 720 బై 480 చుక్కలు (పిక్సెళ్లు). అందులో లేని వివరాన్ని ఏ ప్లేయరూ పుట్టించలేదు. పైగా ఇప్పటి టీవీలు ఆ పని సొంతంగా బాగానే చేస్తాయి. ఎస్3700 చేసే పెంపు మంచిదే, అంచులు రంపపు పళ్లలా కనిపించవు, కదలికలో గీతలు తేలవు. దానికోసమే ఇంకో ఐదువేలు ఎక్కువ పెట్టడం మాత్రం దండగ. తేడా డిస్క్‌లో ఉంటుంది.

ఆ తేడా ఎంతో చూడాలంటే మన "మూడు సినిమాలు ఒకే డీవీడీలో" రకం డిస్క్ ఒకటి పెట్టి చూడండి. రెండు పొరల డీవీడీలో పట్టేది 8.5 జీబీ. రెండున్నర గంటల సినిమాలు మూడు కుక్కితే బొమ్మకు సెకనుకు రెండున్నర మెగాబిట్ల సమాచారం కూడా సరిగా దక్కదు. డీవీడీ వీడియోకు గరిష్ఠ పరిమితి 9.8 మెగాబిట్లు, బ్లూరేకైతే 40. అందుకే ఆ మూడింటి డిస్క్‌లో వాన పాట వచ్చిందంటే హీరోయిన్ ముఖం గళ్లు గళ్లుగా విరుగుతుంది, చీకటి సీన్‌లో గోడ మీద నల్లటి మచ్చలు పాకుతుంటాయి. ప్లేయర్ మార్చినా అవి పోవు. మోజర్ బేర్ అనే డిస్కుల కంపెనీ వాళ్లు 34 రూపాయలకు డీవీడీ అమ్మిన రోజుల్లో ఊరూరా ఇంటింటా డిస్కులు పోగయ్యాయి. వాటిలో ఒక్క సినిమాయే ఉన్న డిస్కులు ఇప్పటికీ చక్కగా కనిపిస్తాయి.

పాత సినిమాలతో ఇంకో తంటా. చాలా పాత డీవీడీల్లో బొమ్మ 4:3 చట్రంలో ఉంటుంది. వెడల్పాటి టీవీ దాన్ని పక్కలకు సాగదీస్తుంది. మొదటిసారి పెట్టినప్పుడు అమ్మ వెంటనే పట్టేసింది: "ఏంట్రా, అందరూ పొట్టిగా, బొద్దుగా ఉన్నారు?" ప్లేయర్ స్క్రీన్ సెట్టింగ్స్‌లో అసలు నిష్పత్తినే నిలిపే ఎంపిక ఉంది. అది పెట్టాక రెండు పక్కలా నల్ల పట్టీలు వచ్చాయి, మనుషులు మనుషుల్లా కనిపించారు. సినిమాస్కోప్ సినిమాను 4:3 చట్రంలో పైనా కిందా పట్టీలతో ఎక్కించిన డిస్కులైతే నాలుగు వైపులా నలుపు మిగిలి, బొమ్మ నడిమధ్యన చిన్నదైపోతుంది. అప్పుడు టీవీ రిమోట్‌లో జూమ్ నొక్కడమే. సబ్‌టైటిల్స్ కింది పట్టీలో ఉంటే అవి తెగిపోతాయి, అంతే.

సంగీతం మీద చెవి ఉన్నవాళ్లు గమనించే సంగతి ఒకటుంది. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. పాల్ పద్ధతి (మన దేశంలో వాడిన టీవీ పద్ధతి) డీవీడీకి ఎక్కించేటప్పుడు దాన్ని 25 ఫ్రేములతో పరిగెత్తిస్తారు. 150 నిమిషాల సినిమా 144 నిమిషాల్లో అయిపోతుంది. స్వరాన్ని విడిగా సరిచేయకపోతే పాట శ్రుతి కూడా ముప్పావు స్వరస్థానం దాకా పైకి లేస్తుంది. హార్మోనియం పక్కన పెట్టుకుని వింటే ఇట్టే తెలిసిపోతుంది. అదే సినిమా బ్లూరేలో ఉంటే ఈ బెడద లేదు. ఎస్3700లో 24పీ అవుట్‌పుట్ ఆటోలో పెడితే టీవీకి 24 ఫ్రేములు ఉన్నవి ఉన్నట్టే వెళ్తాయి. అది ఆపేసి చూస్తే, చివర్లో పేర్లు పైకి జరిగేటప్పుడు ఒక ఫ్రేము రెండుసార్లు, తర్వాతిది మూడుసార్లు పడుతూ అక్షరాలు సన్నగా అదురుతుంటాయి.

శబ్దం దగ్గరికి వస్తే, నన్నడిగితే బ్లూరే ప్లేయర్ కొనడానికి అసలు కారణం ఇదే. ఓటీటీలో 4కే బొమ్మ బాగుంటుంది, కాదనను. కానీ అక్కడ వచ్చే సౌండ్ కుదించింది. బ్లూరేలో డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో ఉంటే స్టూడియోలో మిక్స్ చేసింది ఒక్క బిట్టు కూడా పోకుండా వస్తుంది. నా దగ్గరున్నది సెకండ్ హ్యాండ్‌లో కొన్న 5.1 రిసీవర్ (సౌండ్‌ను ఐదు స్పీకర్లకూ ఒక సబ్‌వూఫర్‌కూ పంచే ఆంప్లిఫయర్), మామూలు స్పీకర్లు. దాంట్లోనే తేడా వినిపిస్తుంది. జాతర పాటలో డప్పు దెబ్బ పడ్డాక తోలు అదురు తగ్గే వరకూ వినబడుతుంది. ఓటీటీలో అదే దెబ్బ "ధబ్" అని ఆగిపోతుంది.

అయితే పెట్టెలోంచి తీసి పెట్టగానే ఈ సౌండ్ రాకపోవచ్చు. ఆడియో సెట్టింగ్స్‌లో "బీడీ ఆడియో మిక్స్" అని ఒకటుంది. అది ఆన్‌లో ఉంటే మెనూ టిక్కుటిక్కులనూ, కామెంటరీ శబ్దాలనూ అసలు సౌండ్‌లో కలిపి పంపడానికి ప్లేయర్ ఆ ట్రాక్‌ను విప్పేస్తుంది, హెచ్‌డీ ఆడియో ఉన్నదున్నట్టుగా రిసీవర్ దాకా చేరదు. దాన్ని ఆఫ్ చేయాలి, డిజిటల్ ఆడియో అవుట్‌పుట్‌ను ఆటోలో ఉంచాలి. సరిగ్గా కుదిరిందని చెప్పేది రిసీవర్ ముందున్న అక్షరాలే: పీసీఎం (ప్లేయరే విప్పేసిన సౌండ్) పోయి డీటీఎస్-హెచ్‌డీ అని వెలుగుతుంది. ఈ ఒక్క సెట్టింగ్ తెలియక, బ్లూరే సౌండ్ మామూలుగానే ఉందని చప్పరించినవాళ్లు నాకు బాగా తెలుసు.

రిసీవర్ పాతదై దానికి హెచ్‌డీఎంఐ లేకపోతే కోయాక్సియల్ వైరే గతి. దాంట్లో మామూలు డాల్బీ డిజిటల్, డీటీఎస్ 5.1 వరకే వెళ్తాయి, హెచ్‌డీ ఆడియో పట్టదు. అయినా చెడ్డదేం కాదు, బ్లూరేలోని డీటీఎస్ సెకనుకు ఒకటిన్నర మెగాబిట్ల దాకా ఉంటుంది. సౌండ్‌బార్ వాడేవాళ్లు దాని వెనక ఏ రంధ్రం ఉందో ముందు చూసుకోవాలి. చాలా సౌండ్‌బార్లకు ఆప్టికల్ ఉంటుంది, ఈ ప్లేయర్‌కు ఉన్నది కోయాక్సియల్. అప్పుడు ప్లేయర్‌ను టీవీకి కలిపి, టీవీ నుంచి ఆప్టికల్ ద్వారానో, ఏఆర్‌సీ (హెచ్‌డీఎంఐ వైరులోనే సౌండ్‌ను వెనక్కి పంపే ఏర్పాటు) ద్వారానో సౌండ్ తీసుకోవాలి. ఎరుపు, తెలుపు పిన్నులున్న పాత హోమ్ థియేటర్ డబ్బాకైతే నేరుగా ఏ దారీ లేదు, మధ్యలో చిన్న కన్వర్టర్ పెట్టాలి.

పాత డబ్బా టీవీ ఇంకా నడుస్తోంది, దానికి బ్లూరే ప్లేయర్ తగిలిద్దాం అనుకునేవాళ్లు కూడా ఉన్నారు. కాపీ రక్షణ నిబంధనల ప్రకారం 2013 తర్వాత తయారైన బ్లూరే ప్లేయర్లలో పసుపు పిన్ను సహా అనలాగ్ వీడియో అవుట్ ఉండదు. అలాంటి టీవీకి మామూలు డీవీడీ ప్లేయరే సరి, తక్కువ డబ్బుల్లో పని అయిపోతుంది.

డిస్క్ చదవడంలో ఇది గట్టిదనే చెప్పాలి. దీనికి ముందు మా ఇంట్లో ఒక చవక డీవీడీ ప్లేయర్ ఉండేది, పేరు అనవసరం. రెండో ఏడాదికే ట్రే సగం వరకు వచ్చి ఆలోచనలో పడేది. గీత పడ్డ డిస్క్ పెడితే అరగంట సినిమా దగ్గర బిగుసుకుపోయేది. ఆ డిస్కులే ఎస్3700లో చివరిదాకా ఆడాయి. పూర్తిగా పాడైన చోట కాసేపు తడబడి ముందుకు దూకుతుంది. ఈ చిన్న డబ్బాలో మూడు రకాల కాంతి పనిచేస్తుంది: సీడీకి 780 నానోమీటర్ల లేజర్, డీవీడీకి 650, బ్లూరేకి 405. బ్లూరేలో సమాచారం డిస్క్ ఉపరితలానికి మిల్లీమీటరులో పదో వంతు లోతులోనే ఉంటుంది, అందుకే దానికి గట్టి పూత వేస్తారు. సీడీకి మాత్రం భయం రెండో వైపు. సమాచారం పేరు ముద్రించిన వైపే ఉంటుంది కాబట్టి లేబుల్ మీద గీత పడితే ఇక దానికి మందు లేదు. తుడవాల్సి వస్తే మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకు నిలువుగా తుడవండి, గుండ్రంగా తిప్పొద్దు. ఎండు బ్రష్ అతికించిన లెన్స్ క్లీనర్ డిస్కుల జోలికి నేను వెళ్లను.

నెట్‌కు కలిపి వాడే యాప్‌ల కోసం మాత్రం ఏ డిస్క్ ప్లేయరూ కొనొద్దు. ప్లేయర్ పదేళ్లు ఆడొచ్చు, అందులోని యాప్‌లు అంతకాలం ఆడవు. ఆ పనికి టీవీ ఉంది, టీవీది పాతబడితే దానికి తగిలించే స్ట్రీమింగ్ స్టిక్ ఉంది.

అమెరికా నుంచి వచ్చే బంధువులతో ప్లేయర్ తెప్పించుకునే అలవాటు మనవాళ్లకు ఉంది. అక్కడ చవక అనేది నిజమే. కానీ ఒక ప్రాంతం డిస్కులు ఆ ప్రాంతం ప్లేయర్లలోనే ఆడేలా రీజియన్ అనే తాళం ఉంటుంది: డీవీడీలో మనది 5వ రీజియన్, వాళ్లది 1. బ్లూరేలో మనది సీ, వాళ్లది ఏ. పైగా అక్కడి ప్లేయర్లు చాలావరకు పాల్ డీవీడీలు ఆడవు, అంటే మన అలమరలో సగం డిస్కులకు దారి మూసుకున్నట్టే. ఇక్కడ అమ్మేవి పాల్, ఎన్‌టీఎస్‌సీ (అమెరికా టీవీ పద్ధతి) రెండూ ఆడతాయి. అక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్లకు కష్టం ఇంకో వైపు నుంచి: ఇండియా నుంచి తీసుకెళ్లిన పాల్ డీవీడీకి రీజియన్ లాక్ లేని ప్లేయర్ దొరికినా, అక్కడి టీవీ పాల్ వాడే 50 హెర్ట్జ్ సిగ్నల్ తీసుకోకపోతే తెర ఖాళీగా ఉంటుంది. పాల్‌ను మార్చి పంపే ప్లేయరే కావాలి. 4కే డిస్కులకు మాత్రం ఈ రీజియన్ గొడవ లేదు, ఎక్కడ కొన్నా ఎక్కడైనా ఆడతాయి.

మరి ఇంకాస్త పెట్టి 4కే ప్లేయరే కొనేస్తే? సెకనుకు 128 మెగాబిట్ల దాకా వెళ్లే ఆ డిస్కుల బొమ్మ ముందు ఏ స్ట్రీమింగూ నిలవదు. హాలీవుడ్ డిస్కులు తెప్పించుకునే అలవాటు, మంచి హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా ఎక్కువగా చూపే) టీవీ లేదా ప్రొజెక్టర్ ఉంటే తప్పక కొనండి. తెలుగు సినిమాల కోసమే అయితే, మనకు బ్లూరేలే కొద్దిగా వచ్చాయి, 4కే సంగతి చెప్పనక్కర్లేదు. ప్లేయర్ ధరకు తోడు ఒక్కో డిస్క్ ఖరీదు కూడా కలుపుకుని చూడండి. నేనైతే ఆ డబ్బు స్పీకర్లకు పెట్టాను.

ఏది కొన్నా తాత్సారం పనికిరాదు. ఒప్పో 2018లో ఈ వ్యాపారం నుంచి తప్పుకుంది. సామ్‌సంగ్ 2019లో కొత్త బ్లూరే ప్లేయర్లు తేవడం ఆపేసింది. 2024లో ఎల్‌జీ ప్లేయర్లు కూడా ఆగిపోయాయి. కొత్తవి దొరకడం కష్టమయ్యేకొద్దీ అందరి చూపూ సెకండ్ హ్యాండ్ మీద పడుతోంది. అలా కొనేటప్పుడు అమ్మేవాళ్లు పెట్టి చూపించే కొత్త సీడీని నమ్మకండి. మీ ఇంటి నుంచి రెండు పొరల డీవీడీ ఒకటి, బ్లూరే ఒకటి, గీతలు పడ్డది ఇంకొకటి తీసుకెళ్లండి. డీవీడీని సినిమా మధ్యకు జరిపి పొర మారే చోట ఆడించండి, క్షణం ఆగి ముందుకెళ్లాలి, బిగుసుకుపోకూడదు. డీవీడీ ఆడి బ్లూరే ఆడకపోతే బ్లూరేను చదివే నీలి లేజర్ పని అయిపోయిందన్నమాట, ఎంత తగ్గించి ఇస్తానన్నా వద్దు. ట్రేని నాలుగైదు సార్లు తెరిచి మూసి చప్పుడు వినండి. రిమోట్ చేతికి వచ్చాకే డబ్బివ్వండి. ఎస్3700 ముందు పవర్, ఇజెక్ట్ మీటలు తప్ప ఏమీ ఉండవు కాబట్టి, రిమోట్ లేకపోతే సెట్టింగ్స్‌లోకి వెళ్లడం కష్టం.